ధూపపాత్ర కింద ఎర్ర కాగితం

దయ్యాల నెల ముగిసిన వారానికి మా బట్టీ కప్పు కూలింది. లోపల రెండు ట్రేల పెళ్లి కేకులున్నాయి. ఇటుకలు వాటి మీద పడ్డాయి. నాన్న పారతో మసి పక్కకు లాగి, ఒక కేకు బయటికి తీసి, విరిచి, పూర్ణం చూశాడు. "ఉడికింది," అని దాన్ని నేల మీద పెట్టాడు.

చప్పుడు విని ఎదురు షాపులోంచి మావో-షెంగ్ గుమ్మంలోకి వచ్చాడు. చేతులకు పిండి ఉంది.

"ఏమ్మా లియావ్ వారమ్మాయీ, ఇవాళ ఇటుకల కేకులా?"

"మీ కేకులు కొరికినవాళ్లకి ఇటుక కొత్తేమీ కాదులే," అన్నాను.

అతను నవ్వలేదు. మా కప్పు వైపు కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయాడు.

మాత్సు అమ్మవారి గుడి వీధిలో బస్సు వస్తే సైకిలు గోడకు ఆనించాలి. ఆ వీధికి అటు త్సాయ్ వారి షాపు, ఇటు మాది. నాన్న పడుచుతనంలో త్సాయ్ వారి దగ్గరే మేస్త్రీ. ఆ ఇంటి ముసలాయనతో మాట పట్టింపు వచ్చి, బయటికి వచ్చి, సరిగ్గా ఎదురిల్లే అద్దెకు తీసుకున్నాడు. అప్పటినుంచి వాళ్లు బోర్డు మీద "అసలు" అని రాయిస్తే మేము "అసలు మేస్త్రీ" అని రాయించాం. మావో-షెంగ్ తన వాకిలి ఊడ్చి దుమ్ము మా వైపు తోసేవాడు. వాళ్ల షాపులో బేరం జరుగుతున్నప్పుడు చూసి నేను ఉల్లిపాయ వేయించేదాన్ని. వాసనకి సగంమంది ఇటు వచ్చేవాళ్లు.

రెండు షాపులూ అమ్మేది ఒకటే. పళ్లెమంత వెడల్పు కేకు, లోపల పెసర పూర్ణం, వేయించిన ఉల్లి, పంది మాంసం. పెళ్లి కుదిరాక మగపెళ్లివాళ్లు వాటిని తెస్తారు, ఆడపెళ్లివాళ్లు చుట్టాలకు పంచుతారు. కేకు అందితే పెళ్లి ఖాయమని అర్థం. దయ్యాల నెలలో ఎవరూ పెళ్లి మాట ఎత్తరు కనుక, అది దాటగానే ఆర్డర్లన్నీ మీద పడతాయి.

ఆ ఏడాది మిల్లు యజమాని కోవ్ గారి మూడో అమ్మాయి పెళ్లి. కేకుల డబ్బు మగపెళ్లివాళ్లదే, ఏ షాపులో చేయించాలో చెప్పేది మాత్రం ఆయన. ఆయన బియ్యం రెండు షాపులవాళ్లూ కొంటారు కనుక, ఎవరినీ నొప్పించకుండా ఆర్డరు చెరిసగం ఇచ్చాడు. కేకులన్నీ ఒకేలా ఉండాలని, ఏ ఇంటికి ఏ షాపుది వెళ్లిందో తెలియకూడదని చెప్పాడు. కప్పు కూలిందని తెలిసి ఆయనే వచ్చాడు.

"మధ్యాహ్నం నుంచి త్సాయ్ వాళ్ల బట్టీ ఖాళీ. అక్కడ కాల్చుకోండి."

"ఆ బట్టీ దగ్గర నేను నిలబడను," అన్నాడు నాన్న.

"నిన్నెవరు నిలబడమన్నారయ్యా? ఆ మోకాళ్లతో ఏ బట్టీ దగ్గరా నిలబడలేవు. అమ్మాయిని పంపు."

నాన్న నా వైపు చూశాడు. అమ్మ పోయినప్పటినుంచి బట్టీ పని నాదే. కుర్రాళ్లంతా తైచుంగ్ పట్నం ఫ్యాక్టరీలకు పోయారు, పనికి ఎవరూ దొరకడం లేదు. నా వయసువాళ్ల పిల్లలు అప్పటికి బడికి వెళ్తున్నారు.

"ట్రేలు మనవే పట్టుకెళ్లు," అన్నాడు.

*

మొదటి రోజు ఒక ట్రే మాడిపోయింది. ఎడమ మూలన ఉన్నవి నల్లబడ్డాయి, మిగతావి బాగానే ఉన్నాయి. మావో-షెంగ్ బల్లకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను నల్లబడ్డవి ఏరి పక్కన పెట్టాను. నోరు చేసుకోవడానికి అది మా ఇల్లు కాదు.

రెండో రోజు పూర్ణం కోసం ఇంటికి వచ్చి వెళ్లేసరికి, బట్టీలో నా ట్రేలు అటువి ఇటు తిరిగి ఉన్నాయి.

"ఎవరు ముట్టుకున్నారు?"

"ఎడమ మూలన వేడి ఎక్కువ," అన్నాడు మావో-షెంగ్. "సగం కాలాక తిప్పాలి."

"నిన్న చెప్పడానికి నోరు రాలేదా?"

"నిన్న నువ్వు మా శత్రువ్వి."

"ఇవాళ?"

"ఇవాళ కూడా. ట్రే ఏం పాపం చేసింది?"

అటు తరువాత రోజూ అతనే తిప్పేవాడు. కేకులు ఒకేలా ఉండాలి కనుక పూర్ణం దగ్గర తగువు పడ్డాం. నాది ఉప్పు తక్కువన్నాడు. వాళ్లది కొవ్వు ఎక్కువన్నాను. చివరికి రెండూ ఒకే గంగాళంలో పోసి కలిపాం. ఇద్దరం చెంచాతో తీసి రుచి చూశాం. ఎవరిది గెలిచిందో ఇద్దరికీ తెలియలేదు. అతను మరో చెంచా తీసుకున్నాడు.

"మీ నాన్నకి చెప్పకు," అన్నాడు.

"మీ అమ్మకి నువ్వు చెప్పకు."

కోవ్ గారి కేకులు పంచడం అయిపోయింది. తాపీ మేస్త్రీ వచ్చి మా బట్టీ కప్పు కట్టాడు. అయినా మధ్యాహ్నం ఏదో ఒకటి పట్టుకుని వీధి దాటేదాన్ని. ఒకసారి జల్లెడ, ఒకసారి నువ్వులు, ఒకసారి ఏమీ లేదు.

ఆ రోజు మావో-షెంగ్ పిండి బస్తా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అన్నాడు కదా:

"మీ బట్టీ కూలి ఉన్నన్నాళ్లూ పొద్దున్నే మీ గొట్టంలోంచి పొగ రాలేదు. నాకు పిండి కలపబుద్ధి కాలేదు."

"ఎందుకట?"

"ఎవర్ని తిట్టుకుంటూ కలపాలి మరి?"

నేను బస్తాకు ఇటు చివర కూర్చున్నాను. అతను తన కప్పు నాకిచ్చాడు. టీ చల్లారిపోయింది. తాగాను.

"రోజూ తిట్టుకోవాలంటే ఒకే ఇంట్లో ఉండటం మేలు," అన్నాడు గోడవైపు చూస్తూ.

"మీ అమ్మని పంపు," అన్నాను.

*

పెళ్లిళ్లు కుదిర్చే ఆ-హాన్ పిన్ని ముందు నడిచింది, వెనక మావో-షెంగ్ అమ్మ, త్సాయ్ పెద్దమ్మ వచ్చింది. నాన్న షాపు తలుపు ఒక రెక్క మూసి వాళ్లను కూర్చోబెట్టాడు. త్సాయ్ వాళ్లు మా గడప తొక్కడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేను టీ పోశాను.

"పిల్ల దాటేది ఒక వీధే కదా మేస్త్రీ," అంది పిన్ని. "ఏడవడానికి కూడా దూరం చాలదు."

"దూరమైతే కనపడదు. అదే నయం," అన్నాడు నాన్న.

నేను వెళ్తే మా బట్టీ చల్లారుతుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు. నాన్న ఒక్కడూ బస్తా ఎత్తలేడు, ట్రే లాగలేడు. ఆ మాట పెద్దమ్మే తీసింది.

"మావాడు రోజూ పొద్దున్నే వచ్చి మీ బట్టీ వెలిగించి, మొదటి వాయి తీసి పోతానంటున్నాడు. నేను వద్దనలేదు."

"త్సాయ్ చెయ్యి నా బట్టీలోనా?"

"నీ చెయ్యి పదేళ్లకు పైగా మా బట్టీలో ఉంది. మా బట్టీ ఏమన్నా చచ్చిందా?"

ఆ-హాన్ పిన్ని దగ్గి, కేకుల మాట ఎత్తింది.

"కేకులు నేను చేస్తాను," అన్నాడు నాన్న.

పెద్దమ్మ కప్పు కింద పెట్టింది. "ఆడపిల్లవాళ్లు తమ కేకులు తామే చేసుకోవడం ఎక్కడైనా ఉందా? మాకు గతిలేక పంపలేదంటారు."

"నా చుట్టాలు మీ పేరు అచ్చు వేసిన కేకు తినాలా?"

"తింటే చావరులే. ఊరంతా తింటోంది."

"సగం ఊరు."

"పెద్ద సగం."

పిన్ని ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది. కేకు మీద ఏ షాపు పేరూ లేకుండా, పెళ్లిళ్లకు వేసే జంట శుభాక్షరం ఒక్కటే ఉంటుందని, డబ్బా కూడా ఉత్త ఎర్రదేనని తేల్చింది. పెద్దమ్మ ఒప్పుకుంది. నాన్న తన కప్పులో టీ చివరిదాకా తాగాడు.

"ఉల్లి వేయించి వేస్తారా, పచ్చిదేనా?" అని అడిగాడు చివరికి.

"వేయించే."

"సరే."

లేచేముందు పెద్దమ్మ నాన్నతో మరో మాట చెప్పింది. "జాతకాల కాగితాల దగ్గర మాత్రం నేను పట్టు విడవను మేస్త్రీ. పెద్దాడి పెళ్లికి కాగితం పెట్టినప్పుడు లాంతరు గాజు చిట్లింది. చిన్న గీతే కదా అని ఎవరికీ చెప్పలేదు. పెళ్లి చేశాం. ఏడాది తిరగకుండా చెరుకు లారీ కింద పడ్డాడు. ఈసారి ఏం పగిలినా అంతే. మీ ఇంట్లో అయినా, మా ఇంట్లో అయినా."

"తెలుసు," అన్నాడు నాన్న.

*

నేను పుట్టిన ఏడాది, నెల, రోజు, గడియ రాసిన ఎర్ర కాగితం ముందు వాళ్ల ఇంటికి వెళ్లింది. దాన్ని పూర్వీకుల పీఠం మీద ధూపపాత్ర కింద పెట్టి మూడు రోజులు చూస్తారు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో ఏదీ పగలకూడదు, ఎవరూ జబ్బు పడకూడదు, పోట్లాడుకోకూడదు. ఏం జరిగినా పోయిన పెద్దలకు ఇష్టం లేదని అర్థం. కాగితం తిరిగి వచ్చేస్తుంది.

త్సాయ్ పెద్దమ్మ పింగాణీ అంతా గడ్డిలో చుట్టి అటక ఎక్కించింది. రేకు పళ్లేల్లో తిన్నారు. పిల్లిని పెరట్లో కట్టేసింది. మావో-షెంగ్ గుమ్మంలోకి వచ్చి, నేను వినేలా, బీడా కొట్టువాడితో చెప్పాడు:

"తుమ్మాలన్నా అమ్మనడిగి తుమ్ముతున్నానయ్యా."

మూడు రోజులు గడిచాయి. ఏదీ పగలలేదు. పిన్ని అతని కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాన్నే అందుకుని, పీఠం మీద ధూపపాత్ర ఎత్తి, దాని కింద పెట్టాడు. అమ్మ పేరు రాసిన పలక ఆ పక్కనే ఉంటుంది. మూడు అగరొత్తులు వెలిగించి గుచ్చాడు.

నేను కప్పులు ఏరి పెట్టెలో పెట్టబోతే ఆపాడు.

"నా చేతిలోంచి ఏదైనా పడటం ఎప్పుడైనా చూశావా?"

నిజంగానే చూడలేదు. ఆయన మోకాళ్లే పోయాయి, చేతులు కాదు. కప్పులు అక్కడే వదిలేశాను.

మొదటి రోజు నాన్న బట్టీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని నేను చేసే పనంతా చూశాడు. రెండో రోజు గుడికి వెళ్లొచ్చాడు. మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరం గంజి తాగడానికి కూర్చున్నాం. ఉప్పు ముల్లంగి, వేయించిన వేరుశనగ. వీధి తలుపు తెరిచే ఉంది. ఎదురు షాపులో మావో-షెంగ్ ఎవరికో కేకులు కట్టిస్తున్నాడు.

నాన్న సగం తాగాడు. పింగాణీ గిన్నె కుడిచేత్తో పట్టుకుని పీఠం వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. చెయ్యి బల్ల అంచు దాటించి, వేళ్లు విప్పాడు. ముందు చిటికెన వేలు. చివర బొటనవేలు.

గిన్నె మూడు ముక్కలైంది. గంజి నా చెప్పుల మీద పడింది.

నేను ఇంకా వంగి ముక్కలు ఏరుతుండగానే ఆయన లేచి, తలుపు రెక్క పట్టుకుని, వీధిలోకి చెప్పాడు.

"ఆ-హాన్‌కి కబురు చెయ్యండి. మా ఇంట్లో గిన్నె పగిలింది."

*

పిన్ని వచ్చి కాగితం తీసుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఎదురింట్లో పెద్దమ్మ ఏడ్చిందని, అన్నం ముట్టలేదని, నా మీద కోపం లేదని చెప్పమందని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లో ట్రేలు తోముతుంటే మావో-షెంగ్ వెనక సందులోంచి వచ్చాడు. గోడకు అవతలే ఆగాడు. గోడ అతని ఛాతీ వరకే ఉంటుంది.

"మా ఇంట్లో పనిచేసినన్నాళ్లూ మీ నాన్న ఒక గుడ్డు కూడా జారవిడవలేదట. మా అమ్మే చెప్తుంది."

నేను ట్రే బోర్లించి నీళ్లు ఒడిచాను.

"ఆ-యూన్. జారిందా, వదిలాడా?"

"మీ అమ్మ పంపిందా?"

"నేనే వచ్చా. వదిలాడని ఒక్క మాట చెప్పు చాలు. వెళ్లి అమ్మకి చెప్తా. మనిషి చేత్తో చేసింది పెద్దల మాట కాదు. అమ్మ వింటుంది. దీనికి మాత్రం వింటుంది."

వినేదే. నాకూ తెలుసు. కొట్లో నాన్న పిండి జల్లిస్తున్నాడు. ఆ చప్పుడు ఆగింది.

పీఠం ముందు, పెళ్లాం పేరు పలక ముందు, శకునాన్ని తన చేత్తో చేసినవాడి బట్టీలోంచి వచ్చిన కేకును ఏ పెళ్లివారూ ముట్టరు. మా ఊళ్లోనే కాదు, మా బస్సు వెళ్లే ఏ ఊళ్లోనూ ముట్టరు. ఆయన చచ్చినా పాడె మోయడానికి నలుగురు రావడం కష్టం.

"జారింది," అన్నాను.

మావో-షెంగ్ గోడ మీద చెయ్యి పెట్టాడు. "గంజి వేడిగా ఉందా?"

"ఉంది."

"చెయ్యి కాలిందా?"

"కాలి ఉంటుంది."

"నువ్వు నా మొహం చూసి చెప్పు."

చూసి చెప్పాను. అతను గోడ మీంచి చెయ్యి తీసి, "సరే," అన్నాడు. సందులో అతని చెప్పుల చప్పుడు మలుపు దాకా వినిపించింది. నేను మిగతా ట్రేలు తోమాను. లోపల జల్లెడ చప్పుడు మళ్లీ మొదలు కాలేదు.

ఆ తరువాత అతను గుమ్మంలోకి వచ్చినా మాట అనేవాడు కాదు. వాకిలి ఊడ్చి దుమ్ము తన వైపే ఎత్తుకునేవాడు. బేరాలకు వచ్చినవాళ్లు ఎటు ఇష్టమైతే అటు వెళ్లేవాళ్లు. చలి మొదలయ్యే నాటికి సముద్రం ఒడ్డు ఊరి పిల్లతో అతనికి కుదిరింది. అటూ ఇటూ మూడేసి రోజులు ఏదీ పగలలేదట. వాళ్ల బట్టీలో ఆ కేకులు కాలుతున్న రోజు గాలి మా వైపు వీచింది. పూర్ణంలో కొవ్వు తగ్గించారు. వాసనలో తెలిసిపోయింది.

చలికాలం నడుమ పొద్దు తిరిగే పండుగ వచ్చింది. పాకంలో బియ్యప్పిండి ఉండలు వండి పీఠం మీద పెట్టి, ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్న తన గిన్నెలోంచి రెండు ఉండలు తీసి నా గిన్నెలో వేశాడు.

"నువ్వు చూశావు," అన్నాడు.

"చూశాను."

"చెప్తావనుకున్నాను."

నేను చెంచా ఆపాను.

"గిన్నె పగిలిన సాయంత్రమే బట్టలు సంచిలో పెట్టుకున్నాను. నువ్వు చెప్తావు, ఊరు మొహం మీద ఉమ్మేస్తుంది, నేను బస్సెక్కి తమ్ముడి దగ్గరికి పోతాను, నువ్వు ఎదురింటికి పోతావు. అంతే అనుకున్నాను. ఆ అబ్బాయి గోడ దగ్గర నిన్ను అడుగుతుంటే జల్లెడ కింద పెట్టి సంచి అందుకున్నాను."

"మరి నువ్వే చెప్పొచ్చుగా?"

"నోరు రాలేదు."

"అసలెందుకు వదిలావు?"

నాన్న తన కుడిచేతిని బల్ల మీద పెట్టి చూసుకున్నాడు.

"వద్దనడానికీ నోరు రాలేదు," అన్నాడు.

వీధిలో త్సాయ్ వాళ్ల వాకిట్లో పెళ్లి పందిరికి వెదుళ్లు దించుతున్నారు. ఎవరో పక్కకు జరగమని అరుస్తున్నారు. మా తలుపు వేసే ఉంది.

"ఆ సంచి ఎక్కడుంది?" అని అడిగాను.

"మంచం కింద."

"ఇన్నాళ్లూ అలాగే ఉందా? ముక్కిపోయి ఉంటాయి. తీసివ్వు, ఉతుకుతాను."

ఆయన బల్ల పట్టుకుని లేచి, గదిలోకి వెళ్లి, సంచి తెచ్చి నాకిచ్చాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. పెరట్లోకి తీసుకెళ్లి తొట్టిలో నానబెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆయన నా కోసం ఆగి ఉన్నాడు, చెంచా ముట్టుకోలేదు.

"తిను, చల్లారిపోతోంది," అన్నాను.

తిన్నాడు.